ముందే లెక్క కట్టిన మూడు సభలు

తిరుపతిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాఠం చెప్పేవారు పార్లమెంట్లు ఏకసభ, ద్విసభ అని రెండు రకాలని చెప్పి ముందుకు సాగిపోతారు. దక్షిణాఫ్రికాలో 1984 నుంచి 1994 వరకు మూడు సభల పార్లమెంటు ఉండేది. దానిలో ఒక సభ మన ప్రాంతం నుంచి వెళ్ళిన కుటుంబాల వారసులకు కూడా ఉద్దేశించినది కాబట్టి, ఆ చరిత్ర మనకు మరీ పరాయిది కాదు. మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో బయలుదేరిన తొలి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. ఆ తరువాత 1911 దాకా నటాల్ చెరకు తోటలకు ఎక్కువ మందిని పంపిన జిల్లాల్లో, చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉన్న అప్పటి ఉత్తర ఆర్కాటు ఒకటి.

కేప్, నటాల్, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ రివర్ అనే నాలుగు వలస రాజ్యాలను కలిపి, బ్రిటిష్ పార్లమెంటు 1909లో చేసిన చట్టం ప్రకారం 1910 మే 31న దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడింది. ఏ రాజ్యమూ రాజధానిని వదులుకోవడానికి ఇష్టపడనందువల్ల పార్లమెంటు కేప్‌టౌన్‌కు, పరిపాలన ప్రిటోరియాకు, అప్పీలు న్యాయస్థానం బ్లూమ్‌ఫాంటీన్‌కు దక్కాయి. ఆ పంపకం నేటికీ కొనసాగుతోంది. అసెంబ్లీ, సెనేట్ అనే ఆ రెండు సభలలోనూ సభ్యులుగా ఉండే అర్హత శ్వేతజాతివారికే ఉండేది. కేప్ ప్రాంతంలో మాత్రం ఆస్తి, చదువు ఉన్న ఇతర జాతులవారికి కూడా ఓటు ఉండేది. దానిని తీసివేయాలంటే ఉభయసభల ఉమ్మడి సమావేశంలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలని రాజ్యాంగం కట్టడి చేసింది.

ఆ కట్టడిని దాటిన తీరే నాకు అన్నిటికంటే ఆసక్తికరం. నల్లజాతి ఓటర్లను 1936లో ఉమ్మడి ఓటర్ల జాబితా నుంచి తప్పించడానికి అవసరమైన మెజారిటీ దొరికింది. మిశ్రమ జాతివారిని తప్పించడానికి 1951లో సాధారణ మెజారిటీతో చేసిన చట్టాన్ని మాత్రం న్యాయస్థానం కొట్టివేసింది. అప్పుడు ప్రభుత్వం పార్లమెంటునే ఒక ఉన్నత న్యాయస్థానంగా ప్రకటిస్తూ మరో చట్టం తెచ్చింది. న్యాయస్థానం దానినీ అంగీకరించలేదు. చివరకు 1955లో సెనేట్ సభ్యుల సంఖ్యను 48 నుంచి 89కి పెంచి, కొత్త స్థానాలను తమ మనుషులతో నింపి, 1956లో మూడింట రెండు వంతుల మద్దతు సంపాదించారు. అక్షరం ప్రకారం రాజ్యాంగానికి ఏ భంగమూ కలగలేదు. అంత పకడ్బందీగా పెంచిన ఆ సెనేట్‌ను కూడా, అవసరం తీరిపోయాక, 1981 నుంచి రద్దు చేశారు.

శ్వేతజాతి ఓటర్లు 1983 నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆమోదించిన కొత్త రాజ్యాంగం శ్వేతజాతివారికి 178 మందితో, మిశ్రమ జాతివారికి 85 మందితో, భారతీయులకు 45 మందితో మూడు సభలు ఏర్పాటు చేసింది. దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లజాతివారికి ఏ సభా లేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే 88 మంది బృందంలో 50 మంది శ్వేతజాతి సభ నుంచే వస్తారు. సభల మధ్య భేదాభిప్రాయం వస్తే తీర్పు చెప్పే అధ్యక్ష మండలిలోని 60 స్థానాల్లో 20 ఆ సభవే, 25 అధ్యక్షుడి నియామకాలు. మిగిలిన రెండు సభలు ఏకమై వ్యతిరేకించినా శ్వేతజాతి ప్రభుత్వం ఓడిపోయే మార్గం ఎక్కడా లేదు. భారతీయులు ఈ లెక్కను తేలికగానే చదివారు. 1984 ఆగస్టులో తమ సభకు జరిగిన ఎన్నికలలో నమోదైన ఓటర్లలో సుమారు అయిదో వంతు మందే ఓటు వేశారు. పోలింగు బూతుకు వెళ్ళకపోవడాన్ని మనం సాధారణంగా బాధ్యతారాహిత్యం అంటాం. ఇక్కడ ఆ మాట చెల్లదు.

1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవారూ ఓటు వేసిన తరువాత వచ్చిన జాతీయ అసెంబ్లీ మే 9న నెల్సన్ మండేలాను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. భారతీయ మూలాలున్న ఫ్రెనీ జిన్‌వాలా దాని తొలి స్పీకర్ అయ్యారు. ఇప్పటి పార్లమెంటులో దామాషా పద్ధతిలో, అంటే పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో, ఎన్నికయ్యే 400 మంది సభ్యుల అసెంబ్లీ, తొమ్మిది రాష్ట్రాల నుంచి పదేసి మంది చొప్పున 90 మందితో కూడిన రాష్ట్రాల జాతీయ మండలి ఉన్నాయి. మన రాజ్యసభలో జనాభాను బట్టి స్థానాలు మారుతుంటే, అక్కడ రాష్ట్రాలకు సంబంధించిన బిల్లులపై పెద్దదైనా చిన్నదైనా ఒక్కో రాష్ట్రానికి ఒక్కటే ఓటు, అదీ రాష్ట్ర శాసనసభ చెప్పినట్లు వేయవలసిందే. సమాఖ్య స్ఫూర్తికి ఇది మన పద్ధతి కంటే దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

దామాషా పద్ధతిలో ఫలానా ఊరికి ఫలానా సభ్యుడు అంటూ ఉండడు. ఇది లోపమే. అయితే పార్టీకి వచ్చిన ఓట్లకూ సీట్లకూ పొంతన తప్పదు. 2024 మేలో జరిగిన ఎన్నికలలో, ముప్పై ఏళ్ళుగా మెజారిటీ కోల్పోని మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు 159 స్థానాలే వచ్చాయి. అసెంబ్లీ భవనం 2022 జనవరిలో అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నందువల్ల కేప్‌టౌన్‌లోని ఒక సమావేశ కేంద్రంలో జూన్ 14న కొత్త సభ కొలువుదీరింది. సిరిల్ రామఫోసా ప్రత్యర్థి పార్టీలతో ఒప్పందం కుదుర్చుకుని, 283 ఓట్లతో తిరిగి అధ్యక్షుడయ్యారు.