ఉప్పు డబ్బా

పదకొండున్నర దాటింది. ఇంకా నిద్ర పట్టలేదు. కారణం ఒక గరిటె.

మధ్యాహ్నం ఈయన ఆఫీసు వాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. ఇక్కడ బెంగళూరు గాంధీబజారులో అనపకాయలు (ఇక్కడివాళ్ళ అవరెకాయ) కొనుక్కొచ్చి, గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే గంటన్నర కూర్చుని పితికాను. ఆ పితికినపప్పు కూర ఉడుకుతుంటే వదిన వచ్చింది. గరిటెతో ఇంత తీసి, ఊదుకుని, జుర్రుకుని, "కారం చాల్లేదే" అంటూ అదే గరిటెతో కలిపేసింది. పోనీ అక్కడితో ఆగిందా? దోసకాయ పెరుగుపచ్చడిలోకీ అదే వెళ్ళింది.

నేనేమీ అనలేదు. అనలేకపోయానన్నదే ఇప్పటిదాకా కుతకుతలాడుతోంది. "చాలా బాగుందక్కా" అని వాళ్ళు మారు వడ్డించుకుంటుంటే తలెత్తి చూడలేకపోయాను.

మా అవ్వ వంటింట్లో గరిటె నోటిదాకా వెళ్ళడం నేనెరగను. మామూలు రోజుల్లో మమ్మల్ని పిలిచి, "చెయ్యి పట్టండి" అని, గరిటె తగలకుండా ఎత్తినుంచి అరచేతిలో రెండు చుక్కలు పోసేది. పెరటాసి (వెంకటేశ్వరస్వామికి ప్రీతి అనే తమిళ నెల) శనివారాల్లో అదీ లేదు. తళిగ, అంటే ఆకులో నైవేద్యం, వేసి స్వామికి చూపించేదాకా వాసన కూడా పీల్చకూడదు. ఉప్పంతా చేతి లెక్కే. ఒక శనివారం పులిహోరలో అసలు ఉప్పే మరిచిపోయింది. ఎవరూ నోరు మెదపలేదు. తాత మాత్రం "ఊరగాయ వెయ్యి" అన్నాడు, కాసేపటికి మళ్ళీ "ఊరగాయ" అన్నాడు. అందరం తిన్నాక అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "స్వామైనా చెప్పలేదు చూడు" అంది.

ఇందాక గిన్నెలు తోముతూ లెక్కేసుకున్నాను. వదిన గరిటె పెట్టాక కూర ఇంకో పది నిమిషాలు తెర్లింది. ఉమ్మిలోని క్రిములు ఆ మరుగుకి బతకవు. పిండిపదార్థాన్ని విరిచి చిక్కటి కూరని పలచన చేసే అమైలేజ్ అనే ఉమ్మిలోని ఎంజైము కూడా ఆ వేడికి పనిచేయదు. అంటే కూరకి దోషం లేదు.

మరి నేను? అవ్వ లాగే అరచేతిలో పోసుకుని నాకుతాను. నాకి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, అవే వేళ్ళు ఉప్పు డబ్బాలో పెడతాను. పదిహేనేళ్ళుగా ఇదే. దించాక కొత్తిమీర చల్లేదీ ఆ చేత్తోనే. అవ్వ దగ్గర నాకింది మేము, వండిన చెయ్యి ఆవిడది. నేను సగం పద్ధతే పట్టుకొచ్చాను. ఉప్పులో క్రిములు పెరగవులే అని సర్దిచెప్పుకోబోయాను. వదిన దగ్గరా ఇలాంటి సర్దుబాటు ఒకటి ఉండే ఉంటుంది.

అయినా పెరుగుపచ్చడి మాత్రం తప్పే. దాన్నెవరూ మరిగించరు కదా.

పడుకోబోతూ ఈయన "పచ్చడి మిగిలిందా?" అని అడిగారు. ఫ్రిజ్‌లో వెనక్కి తోసిన గిన్నె గుర్తొచ్చింది. అయిపోయిందన్నాను.