400 కిలోమీటర్ల ఎత్తున పోయిన చెంచా

వెళ్లిన నాలుగో రోజే నా చెంచా పోయింది. అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చిన వాళ్లంతా భూమి ఎంత నీలంగా కనబడిందో చెబుతారు. చెంచాల సంగతి ఎవరూ చెప్పరు. అందుకే నేను అదే రాస్తున్నాను.

అది పొడుగు కాడ చెంచా. అక్కడ తిండి చాలావరకు సంచుల్లోనే. ఎండబెట్టిన పదార్థంలోకి వేడినీళ్లు ఎక్కించి, కాసేపు నాననిచ్చి, పైన కత్తెరతో కోసి, అడుగుదాకా చెంచా పెట్టి తినాలి. పొట్టి చెంచా అయితే మణికట్టు దాకా పూసుకోవడమే. ఆ పూట సగం తిన్నాక సంచి సర్దుకుందామని చెంచాను గాల్లో వదిలాను. వదిలిన చోటే నిలబడుతుంది కదా, అక్కడి సరదా అంతా అదే కదా! ఇలా తల తిప్పి అలా చూసేసరికి లేదు.

కింద వెతుకుదామంటే కింద అనేదే లేదు. నాలుగు వైపులా గోడలే, ప్రతి గోడ మీదా పెట్టెలు, తీగలు, లాప్‌టాప్‌లు, వెల్క్రో పట్టీలు. అప్పటికి నా అవతారం కూడా చూడదగ్గట్టే ఉంది. ఒంట్లో నీరంతా కాళ్లు వదిలి పైకెక్కడంతో మొహం బూరెలా ఉబ్బింది. ముక్కు దిబ్బడ వేసి ఏం తిన్నా చప్పగా ఉంటోంది. వెన్ను సాగుతుంది కాబట్టి నడుం నొప్పి ఒకటి. ఆ స్థితిలో అరగంట సేపు తల్లకిందులుగా చెంచా కోసం దేవులాడాను.

మా కమాండరుకు అది రెండో ప్రయాణం. నా అవస్థ చూసి నవ్వి, "చెంచా కోసం వెతక్కు. గాలి ఎటు పోతోందో చూడు" అంది.

ఆ మాటతోనే నాకు అక్కడి మోత సంగతి కూడా బోధపడింది. అంతరిక్షమంటే నిశ్శబ్దం అనుకుని వెళ్లినవాణ్ణి నేను. లోపల చూస్తే ఫ్యాన్లు, పంపులు, రాత్రీ పగలూ ఒకటే హోరు. కేంద్రంలో హార్మనీ అనే భాగంలో ఫోన్ బూత్ అంత గది ఇచ్చారు. అందులో గోడకు కట్టిన స్లీపింగ్ బ్యాగులో దూరి, చెవుల్లో ప్లగ్గులు కుక్కుకుని, మూడు రాత్రులు ఆ ఫ్యాన్లను తిట్టుకుంటూనే గడిపాను. కానీ అవి లేకపోతే నా పని ఏమయ్యేదో అప్పటిదాకా ఆలోచించలేదు. నేల మీద వేడిగాలి తేలికై పైకి పోతుంది, చల్లగాలి దాని చోటికి వస్తుంది. మనం వదిలిన ఊపిరి దానంతటదే తప్పుకుంటుంది. అక్కడ బరువూ తేలికా లేవు. గాలి ఆడని మూల నిద్రపోతే వదిలిన ఊపిరి మొహం ముందే గుమిగూడి, మన కార్బన్ డయాక్సైడే మళ్లీ మనకు అందుతుంది. తలపోటుతో లేవాల్సిందే. అందుకని ఒకవైపు నుంచి గాలిని తోసి, ఇంకోవైపు జాలీల్లోంచి లాగుతారు. కట్టెయ్యని ప్రతి వస్తువూ ఆ లాగుడుకు మెల్లగా కొట్టుకుపోతుంది.

శనివారం శుభ్రం చేసుకునే రోజు. వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని నేను నేరుగా జాలీల దగ్గరికే పోయాను. వెంట్రుకలు, ఒక గోరుముక్క, వెల్క్రో నూగు, చిరిగిన లేబుల్, ఎవరిదో పెన్సిల్. వాటి మధ్య పల్చటి తెల్లని పొలుసులు. అవేమిటో అడక్కుండా ఉండాల్సింది. నడక లేదు కాబట్టి కొన్ని వారాలకు అరికాళ్ల చర్మం పెచ్చులుగా ఊడిపోతుందట. సాక్సు జాగ్రత్తగా విప్పకపోతే ఆ పెచ్చులన్నీ గదంతా తేలతాయి. తేలిపోకుండా కడ్డీల కింద పాదాలు దూర్చి నిలబడతాం గనక గరుకు తేలేది పాదం పైభాగమే. చెంచా మాత్రం కనబడలేదు.

"రూబియో టమాటా గుర్తు లేదా?" అని ఓదార్చారు. 2022 సెప్టెంబరులో వెళ్లిన అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో ఆరు నెలలకు దిగాల్సింది. ఎక్కిన రష్యా సోయుజ్ నౌకలో చల్లబరిచే ద్రవం కారిపోవడంతో 371 రోజులు ఉండిపోయాడు. అక్కడే పండించిన టమాటా ఒకటి చేజార్చుకున్నాడు. గంటల కొద్దీ వెతికినా దొరకలేదు, నువ్వే తినేశావని తోటివాళ్లు ఆటపట్టించారు. అతను దిగిపోయాక, అది ఎండి ముడుచుకుపోయి దొరికిందని 2023 డిసెంబరులో కేంద్రంలోనివాళ్లు చెప్పారు. నా చెంచా ఎండదు కదా, తొందరేమీ లేదనుకున్నాను.

తర్వాతి నాలుగు నెలల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రోజుకు 16 సూర్యోదయాలు, గడియారం మాత్రం గ్రీన్‌విచ్‌ది. ఎముకలు కరగకుండా రోజూ రెండు గంటలు కసరత్తు. చెమట కారదు, జిగురులా ఒంటికే అంటుకుంటుంది. ఆ చెమటా, మూత్రమూ శుద్ధై మళ్లీ తాగే నీళ్లవుతాయి. మొదటి గుక్కే కష్టం. భూమిని చూసే ఏడు కిటికీల గూడు, క్యుపోలా గురించి అందరూ రాసింది నిజమే, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఖర్చంటారా, 2019లో ప్రైవేటు ప్రయాణికుల కోసం నాసా ప్రకటించిన రేట్ల ప్రకారం గాలీ నీళ్లూ మరుగుదొడ్డీ కలిపి మనిషికి రోజుకు 11,250 డాలర్లు ఉండేది. తిండీ తదితర సామాన్లకు ఇంకో 22,500. టికెట్టు వేరే. ఇంత పుచ్చుకుని రెండో చెంచా ఇస్తారో లేదో రాయలేదు.

ఐదో నెలలో ఒక రాత్రి ఉలిక్కిపడి లేచాను. ఏ చప్పుడూ లేదు. సరిగ్గా చెప్పాలంటే, చప్పుడు తగ్గిపోయింది. నా గదికి గాలి వచ్చే దారిలో నూగు పేరుకుని హోరు సగానికి పడిపోయింది. అలారం కంటే ముందు ఆ నిశ్శబ్దమే నన్ను లేపింది. గుండె దడదడలాడింది. తలుపు తోసేసి, చీకట్లో వేళ్లతో తడుముతూ ఆ నూగంతా లాగాను. బొటనవేలంత బూడిదరంగు ఉండ. ఫ్యాను మళ్లీ అందుకుంది. ఆ మోతకు జోలపాటలా నిద్ర పట్టేసింది.

తిరుగు ప్రయాణం సోయుజ్ నౌకలో మూడున్నర గంటలు. కజకస్తాన్ గడ్డి మైదానంలో దిగడాన్ని మెత్తటి ల్యాండింగ్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు ఎన్నడూ అందులో కూర్చుని ఉండరు.

మర్నాడు భోజనం బల్ల దగ్గర మాటల్లో పడి, అలవాటు కొద్దీ చెంచాను గాల్లో వదిలేశాను. ఠంగుమంది. అందరూ నావైపు చూశారు. నేను గోడ మీద గాలి జాలీ ఎక్కడుందా అని చూస్తున్నాను. చెంచా నా పాదాల దగ్గరే ఉంది.