అడ్వైజర్ "సరిపోతుందిలే" అన్నారు, పోర్టల్ ఒప్పుకోలేదు: నా అనుభవం

నిన్న సాయంత్రం నాలుగున్నరకి కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టుకి నా రిజిస్ట్రేషన్ అయింది. అయిదింటికి విండో క్లోజ్. ఇది ఇప్పుడే రాసేయాలి, నాలుగు రోజులు ఆగితే కోపం చల్లారిపోయి అందర్నీ కాపాడుతూ రాస్తాను, అలా రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. బ్రాంచ్ మారినవాళ్లు, మారదామనుకుంటున్నవాళ్లు తప్పకుండా చదవండి.

నేను మెకానికల్‌లో చేరి ఏడాది అయ్యాక ట్రిపుల్ ఈకి (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) మారాను. మారడం కష్టం కాలేదు, మార్కులున్నాయి, అప్లికేషన్ పెట్టాను, లిస్టులో పేరొచ్చింది.

కొత్త డిపార్ట్‌మెంట్‌లో ఫ్యాకల్టీ అడ్వైజర్‌ని కలిసినప్పుడు నా దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది. మెకానికల్‌లో నేను చదివిన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మూడు క్రెడిట్ల సబ్జెక్టు. ట్రిపుల్ ఈ వాళ్లకి అది నాలుగు క్రెడిట్లు, లీనియర్ ఆల్జీబ్రా కూడా కలిపి ఉంటుంది, కోడ్ వేరు. "సార్, ఇది సరిపోతుందా, మళ్లీ చదవాలా?" అని అడిగాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా "సరిపోతుందిలే అమ్మా, అదీ మ్యాథ్సే కదా" అని ఫారం మీద సంతకం పెట్టేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్దాయన చెప్పారు, ఇంక నాకెందుకు అనుమానం అనుకుని వచ్చేశాను.

తర్వాత సర్క్యూట్స్ సబ్జెక్టు తీసుకునే టైమ్‌లో ఆ నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్ లేదని రిజిస్ట్రేషన్ పోర్టల్ ఆపింది, సార్ ఓవర్‌రైడ్ ఇచ్చారు, పని అయిపోయింది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌కీ అంతే. రెండుసార్లు దారి దొరికింది కాబట్టి అంతా సెట్ అయిపోయిందనే నమ్మాను. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఓవర్‌రైడ్ అంటే ఆ ఒక్క సబ్జెక్టుకి, ఆ ఒక్క సెమిస్టర్‌కి తాళం తీయడం మాత్రమే. ఆ ప్రీరిక్విజిట్, అంటే ముందుగా చదివి ఉండాల్సిన సబ్జెక్టు, పూర్తయినట్టు రికార్డులోకి ఏమీ ఎక్కదు. నా రికార్డులో ఏడాదిన్నరగా ఆ నాలుగు క్రెడిట్ల గడి ఖాళీగానే ఉంది.

ఇప్పుడు మూడో ఏడాది రెండో సెమిస్టర్. కంట్రోల్ సిస్టమ్స్ నొక్కితే "ప్రీరిక్విజిట్ నాట్ మెట్" అని ఎర్రగా వచ్చింది. సరే అని మళ్లీ సార్ దగ్గరికే వెళ్లాను. మధ్యలో రూల్ మారిందట, ఓవర్‌రైడ్ ఇవ్వాలంటే హెచ్‌ఓడీ సంతకం కూడా కావాలి, అంటే ముందు ఇచ్చిన రెండూ ఎందుకిచ్చారో ఆయన చెప్పుకోవాల్సి వస్తుంది. అది నాకు తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం ఏమీ తెలియకుండా రూమ్‌లోకి వెళ్లి నిలబడ్డాను.

రిజిస్ట్రేషన్ వారం కదా, రూమ్ నిండా జూనియర్లు. నేను విషయం చెప్పడం మొదలుపెట్టానో లేదో, "నేనెప్పుడు చెప్పాను సరిపోతుందని? రాసిచ్చానా? నీ దగ్గర కాగితం ఉందా?" అన్నారు. లేదు సార్, మీరు నోటితోనే చెప్పారు అన్నాను. "మ్యాథ్స్ అంటే భయపడి తప్పించుకున్నావు, ఇప్పుడు తెచ్చి నా నెత్తిన రుద్దుతున్నావు, ఇలాంటివాళ్లకి ఇంజినీరింగ్ ఎందుకమ్మా" అన్నారు, ఆ మాట తర్వాతి గదిలోకి కూడా వినపడేంత గట్టిగా. నాకు ఆ మూడు క్రెడిట్ల సబ్జెక్టులో వచ్చింది టాప్ గ్రేడ్. మార్క్స్ మెమో చేతిలోనే ఉంది, చూపిద్దామని ముందుకి చాపాను, ఆయన దాన్ని పక్కకి జరిపి "నెక్స్ట్" అన్నారు. నా వెనక నిలబడ్డ అమ్మాయి నా మొహం చూడలేక తన ఫారం వైపు తల దించుకుంది. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాక చూసుకుంటే చేతిలో మెమో చెమటకి ముద్దయిపోయి, మూల చిరిగి ఉంది.

ఆ మెట్ల మీదే కూర్చుని లెక్క వేసుకున్నాను. కంట్రోల్ సిస్టమ్స్ మా దగ్గర ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది. ఇప్పుడు పోతే మళ్లీ నాలుగో ఏడాది చివర్లోనే. దాని మీద ఆధారపడ్డ పవర్ సిస్టమ్ ఆపరేషన్ అండ్ కంట్రోల్ నాలుగో ఏడాది మొదట్లో ఉంది, అదీ ఏడాదికి ఒక్కసారే. ఒక్క గడి ఖాళీ ఉంటే మొత్తం డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. ఇంజినీరింగ్‌లో సబ్జెక్టులు గొలుసులా ఉంటాయి, ఒక లింకు తెగితే పక్కనుంచి వెళ్లే దారి ఉండదు. అడ్వైజర్ అనేవాళ్లు చూడాల్సింది ఇదే కదా. సంతకం ఎవరైనా పెడతారు, ఈ గొలుసు చూసి చెప్పేవాళ్లు కావాలి.

విండో క్లోజ్ అవడానికి అప్పటికి అయిదు రోజులుంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఆ రెండు రోజులు వేస్ట్ చేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. మూడో రోజు డీన్ ఆఫీస్‌లో సీట్లో ఉండే ఒక మేడమ్ నా రికార్డు తెరిచి, కుర్చీ లాగి కూర్చోమని, ఒక్క నిమిషంలో చెప్పేశారు: "ఓవర్‌రైడ్ అడక్కమ్మా, అది ఈ సెమిస్టర్ వరకే. ఆ సబ్జెక్టు బదులు నువ్వు చదివింది లెక్కలోకి తీసుకోమని సబ్‌స్టిట్యూషన్ పిటిషన్ పెట్టు, రెండు సబ్జెక్టుల సిలబస్ పక్కపక్కన పెట్టి తీసుకురా, కమిటీ ఒప్పుకుంటే పర్మనెంట్‌గా రికార్డులోకి ఎక్కుతుంది." ఈ ఏడాదిన్నరలో నాకు అందిన మొదటి అడ్వైజింగ్ అదే, ఇచ్చింది అడ్వైజర్ కాదు.

ఆ రాత్రి టేబుల్ వేశాను. ఎడమవైపు వాళ్లకి కావాల్సిన టాపిక్, కుడివైపు నేను ఏ సబ్జెక్టులో, ఏ యూనిట్‌లో చదివానో. ఫస్ట్ ఆర్డర్, సెకండ్ ఆర్డర్ ఈక్వేషన్లు, లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్ అన్నీ కలిశాయి. ఆగిపోయింది లీనియర్ ఆల్జీబ్రాలో వచ్చే ఐగెన్ వాల్యూస్ దగ్గర, అంటే ఒక మ్యాట్రిక్స్‌కి ఉండే ప్రత్యేక సంఖ్యలు. తెల్లారుజామున గుర్తొచ్చింది, న్యూమరికల్ మెథడ్స్‌లో పవర్ మెథడ్ చేశాం, అది అన్నిటికంటే పెద్ద ఐగెన్ వాల్యూ కనుక్కోవడానికే! పాత అసైన్‌మెంట్ బయటికి తీశాను, త్రీ బై త్రీ మ్యాట్రిక్స్, ఆరు ఇటరేషన్లు, కింద ఎర్ర పెన్నుతో టిక్కు. దాన్నీ జత చేశాను.

కమిటీలో ఒక ప్రొఫెసర్ ఆ పేజీ దగ్గరే ఆగారు. "కంట్రోల్స్‌లో స్టేట్ స్పేస్ వచ్చినప్పుడు ఇది ఎందుకు కావాలో చెప్పగలవా?" అన్నారు. స్టేట్ స్పేస్ అంటే సిస్టమ్‌ని మ్యాట్రిక్స్‌లతో రాసే పద్ధతి. అందులో వచ్చే ఎ మ్యాట్రిక్స్ ఐగెన్ వాల్యూలన్నిటి రియల్ పార్ట్ నెగెటివ్ ఉంటేనే సిస్టమ్ స్టేబుల్ సార్ అన్నాను. ఆ చాప్టర్ ఇంకా ఎవరూ చెప్పలేదు, నేనే ముందుగా చదువుకున్నాను, ఆ మాట గర్వంగానే చెప్తున్నాను. మ్యాథ్స్ అంటే భయం అన్న మనిషి ఆ గదిలో ఉంటే బాగుండేది.

కంటెంట్ ఒప్పుకున్నారు గానీ ఒక క్రెడిట్ తక్కువుంది కదా, వచ్చే సెమిస్టర్ ఒక మ్యాథ్స్ ఎలెక్టివ్ చేయాలని కండిషన్ పెట్టారు. అందులో న్యాయం ఉంది. అక్రిడిటేషన్ వాళ్లు క్రెడిట్లు లెక్కపెడతారు. ఉదాహరణకి అమెరికాలోని అక్రిడిటేషన్ సంస్థ అబెట్ గుర్తింపు కావాలంటే ఇంజినీరింగ్ ప్రోగ్రామ్‌లో మ్యాథ్స్, బేసిక్ సైన్సెస్ కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ టాపిక్స్ 45 ఉండాలి. అదే అబెట్ మొట్టమొదటి క్రైటీరియన్‌లో ఇంకో సంగతి కూడా ఉంది, విద్యార్థులకి కరికులమ్ గురించి, కెరీర్ గురించి సలహా ఇచ్చి తీరాలని. అంటే అడ్వైజింగ్ అనేది ఎవరో దయతలిచి చేసే సాయం కాదు. అది చదివాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

మీరు చేయాల్సింది పెద్దగా లేదు. అడ్వైజర్ నోటితో ఏం చెప్పినా అదే రోజు మెయిల్ పెట్టండి, "సార్, ఈరోజు మీరు ఇలా చెప్పారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా" అని. రిప్లై రాకపోయినా మీ దగ్గర తేదీ ఉంటుంది. మీరు చేరిన బ్యాచ్ రెగ్యులేషన్ కాపీ దగ్గర పెట్టుకోండి, సీనియర్ల రెగ్యులేషన్ మీకు వర్తించకపోవచ్చు. చివరి సెమిస్టర్ సబ్జెక్టుల నుంచి వెనక్కి బాణాలు గీసుకుంటూ రండి, ఏడాదికి ఒక్కసారే వచ్చేవాటి చుట్టూ సున్నా చుట్టండి. గంట పని.

ఈ ఏడాది మా బ్రాంచ్‌లోకి మారిన నలుగురు జూనియర్లని ఇవాళ పొద్దున కూర్చోబెట్టుకుని ఆ చార్టు నేనే గీశాను. నలుగురిలో ఇద్దరికి సరిగ్గా నాకున్న ఖాళీయే ఉంది. ఇద్దరికీ అదే గదిలో అదే మాట చెప్పారట, సరిపోతుందిలే అని. రేపు పదింటికి వాళ్లని ఆ మేడమ్ దగ్గరికి తీసుకెళ్తున్నాను, రెండు సిలబస్‌లూ ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకున్నాను.