నా అనుభవం: హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు టీకాలన్నీ పూర్తి చేయించడం

తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో బుధ, శనివారాలు సూదులు వేసే నాకు హెచ్‌ఐవీ ఉన్న తల్లుల నోట పదేపదే వినబడే మాట ఒకటుంది: "అక్కా, బిడ్డ రిపోర్టు తేలినాక వేయిస్తే పోలా?" పోదు. బిడ్డకు హెచ్‌ఐవీ లేదని ఖాయంగా తేలేది 18 నెలలకు. అందాకా ఆగితే ముప్పు ఎక్కువున్న కాలమంతా టీకాల్లేకుండా గడిచిపోతుంది.

ముప్పు ఎక్కడంటే, కడుపులో ఉండగా మాయ దాటి బిడ్డకు చేరాల్సిన యాంటీబాడీలు (రోగాలతో పోరాడే ప్రోటీన్లు) ఈ తల్లుల నుంచి తక్కువగా వస్తాయి. తట్టుకైనా, కోరింత దగ్గుకైనా అంతే. అయితే వైరస్ సోకని బిడ్డ టీకాకు బాగానే స్పందిస్తుంది. 2011లో వెలువడిన దక్షిణాఫ్రికా అధ్యయనంలో, టీకాల తర్వాత కోరింత దగ్గు యాంటీబాడీలు హెచ్‌ఐవీ లేని తల్లుల పిల్లల కంటే ఈ పిల్లల్లోనే ఎక్కువ కనబడ్డాయి. తల్లి యాంటీబాడీలు తక్కువుంటే టీకాకు అడ్డు కూడా తక్కువే కదా!

పుట్టగానే క్షయ టీకా బీసీజీ ఎడమ భుజాన, చర్మం పొరల్లో, 0.05 మి.లీ. సరిగా పడితే 5 మిల్లీమీటర్ల తెల్లటి బుడిపె లేస్తుంది. రెండు మూడు వారాలకు గడ్డ కట్టి, పగిలి, మచ్చ పడుతుంది. పసుపూ నూనే పూయొద్దు. బిడ్డకు వైరస్ సోకిందని ముందే తేలితే మాత్రం బీసీజీ ఆపాలి. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) మొదలై, రోగనిరోధక కణాల లెక్క అయిన సీడీ4 25 శాతం దాటి నిలకడగా ఉన్నాకే ఆలోచించాలి. బీసీజీ పడ్డాక వైరస్ బయటపడి మందులు మొదలుపెడితే, కొన్ని వారాలకు ఎడమ చంకలో గడ్డ రావచ్చు. రోగనిరోధక శక్తి కోలుకోవడం వల్ల వచ్చేదే అది. మందులు పడలేదనుకుని మానేస్తారు, అదే తప్పు. ఏఆర్‌టీ సెంటర్లో చూపించాలి.

ఆరో వారం పని ఎక్కువ. ఎడమ తొడకు అయిదు జబ్బుల టీకా పెంటా, కుడి తొడకు న్యుమోనియా టీకా పీసీవీ, కుడి భుజానికి పోలియో సూది ఎఫ్‌ఐపీవీ 0.1 మి.లీ., నోట్లో పోలియో చుక్కలు, విరేచనాల టీకా రోటా. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు రక్తం తీసేదీ, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రిమోక్సజోల్ మందు మొదలయ్యేదీ అప్పుడే. ముందు రక్తం ఇప్పించమంటాను. గోరువెచ్చని గుడ్డతో పాదం కాచి, మడమ పక్కన గుచ్చి, రక్తం పట్టే కాగితపు కార్డు మీద ఒక్కో వలయం ఒక్క చుక్కతో నిండేలా పట్టాలి. చుక్క మీద చుక్క వేసినా, ఎండలో పెట్టి ఆరబెట్టినా ల్యాబ్ నుంచి కార్డు తిరిగొస్తుంది. నీడలో కనీసం 4 గంటలు ఆరాలి.

ఆరో నెలలో హెచ్‌ఐవీ యాంటీబాడీ పరీక్ష రియాక్టివ్ (యాంటీబాడీలు ఉన్నాయని) వస్తే గుండె జారనక్కర్లేదు, అవి తల్లివే కావచ్చు. పీసీఆర్ చేయించాలి. అదే వయసులో తట్టు టీకా అదనపు డోసు ఇవ్వొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2017లో చెప్పింది. అది లెక్కలోకి రాదు, 9 నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేయాల్సిందే. ఒకచోట "ఒక్క బిడ్డకోసం వయల్ తెరవం" అన్నారు. మందు కలిపిన వయల్ (టీకా సీసా) 4 గంటలే పనికొస్తుంది కాబట్టి వృథా అవుతుందని వాళ్ల బాధ. కానీ ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలన్నదే నియమం. గట్టిగా అడగండి.

టీకా కార్డు మీద హెచ్‌ఐవీ అని రాయనివ్వొద్దు. ఆ కార్డు అంగన్‌వాడీలోనూ ఇంట్లోనూ పదిమంది చేతుల్లో తిరుగుతుంది.

చివరి పరీక్ష 18 నెలలకు, లేదా పాలు మాన్పించి 3 నెలలు గడిచాక, ఏది ఆలస్యమైతే అప్పుడు. ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్యే కాబట్టి, కుదిరితే అన్నీ ఒక్క రోజే పెట్టుకుంటే ఒక బస్సు చార్జీ మిగులుతుంది.