మా ఆఫీసు టైమ్‌షీట్‌లో కొత్త కోడ్

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆడిట్ ఫర్మ్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం మా ఫర్మ్ మొదటిసారి సేవా దినం పెట్టింది. ఒక శనివారం నలభై మందిమి ఒకే రంగు టీషర్టులు వేసుకుని ఒక ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళి గోడలకు రంగులు వేశాం. వానలు పడ్డాక ఆ రంగు కింది నుంచి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గోడకు చెమ్మ ఉందా అని ముందు ఎవరమూ అడగలేదు.

ఆ శనివారమే హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను పక్కకు పిలిచారు. "మీరంతా ఆడిటర్లు కదమ్మా, మా గ్రాంట్లకి యూసీ ఎలా రాయాలో ఎవరైనా ఒక గంట కూర్చుని చెప్తారా?" అన్నారు. వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం అది. మా దగ్గర సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్ పిల్లలు కూడా రాయగలరు. కానీ ఆ రోజు అందరి చేతుల్లోనూ బ్రష్‌లే ఉన్నాయి. తర్వాత నేనొక్కదాన్నీ వెళ్ళి చెప్పి వచ్చాను. మనకు వచ్చిన పనిని వదిలేసి రాని పనికి నలభై మందిమి వెళ్ళామే అన్న బాధ మాత్రం నన్ను వదల్లేదు.

అందుకే మరుసటి ఏడాది ఒక ప్రతిపాదన రాశాను. మత్స్యకారులుండే పెదజాలారిపేటలో డ్వాక్రా గ్రూపుల మహిళలకు పుస్తకాలు రాయడం, వడ్డీ లెక్క కట్టడం నేర్పిద్దాం అని. మా ఇంట్లో పనిచేసే అక్క అక్కడి గ్రూపులోనే ఉంది. "పుస్తకాలు ఆర్పీ రాస్తాది, మేం సంతకం పెడతాం, అంతే" అని ఆమె చెప్పిన మాటే దీనికి మూలం. ఆర్పీలంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా తరఫున గ్రూపులను చూసుకునేవాళ్ళు. ఒక్కొక్కరి మీద ఎన్నో గ్రూపుల భారం. పొదుపు సంఘాలకు పంచసూత్రాలని చెప్తారు కదా: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మొదటి నాలుగూ ఆ మహిళలు మనకంటే బాగా చేస్తారు. ఐదోది మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉండిపోయింది.

మా పార్ట్‌నర్ గారు మంచి మనిషి. కానీ మొదటి ప్రశ్న అదే వేశారు: "మనది ఎల్‌ఎల్‌పీ, సెక్షన్ 135 మనకు వర్తించదు కదమ్మా?" నిజమే. ఎల్‌ఎల్‌పీ అంటే పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ, 2013 కంపెనీల చట్టంలోని ఆ సెక్షన్ కంపెనీలకే. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, అంతకు మించి గానీ ఉంటే, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. మాకా బాధ్యత లేదు. "లేదు సార్, చట్టం అడగట్లేదు, నేనడుగుతున్నాను" అన్నాను. ఆయన కాసేపు కాగితం చూసి, సరే, అడ్డంకులేమిటో రాసుకురా అన్నారు.

అడ్డంకుల్లో మొదటిది టైమ్‌షీట్. మా దగ్గర ప్రతి గంటా ఏదో ఒక క్లయింట్ కోడ్ మీద పడాలి. కోడ్ లేని గంట ఖాళీగా ఉన్నట్టు లెక్క, అది ఏడాది చివర అప్రైజల్‌లో కనపడుతుంది. "ఆదివారాలు వెళ్ళండి" అని ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఉద్యోగి ఆదివారం ఇస్తే అది ఉద్యోగి దానం, ఫర్మ్ ఇచ్చిందేమీ లేదు. నాలుగు వారాలు, మూడు మీటింగులు పట్టింది కానీ చివరికి మనిషికి ఏడాదికి 40 గంటలతో ఒక కోడ్ వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే గట్టి విజయం అదే అనిపిస్తుంది.

రెండోది స్వతంత్రత, అంటే మేం ఆడిట్ చేసేవాళ్ల లావాదేవీల్లో మా చేయి ఉండకూడదు. ఆ గ్రూపులకు లింకేజీ రుణాలు, అంటే పొదుపు సంఘాలకిచ్చే బ్యాంకు అప్పులు, ఇచ్చిన శాఖకు ఏప్రిల్‌లో బ్రాంచ్ ఆడిట్ చేసింది మేమే. అందుకని ఒక పేజీలో హద్దులు రాసుకున్నాం: డబ్బు ముట్టుకోం, ఏ కాగితం మీదా ఫర్మ్ ముద్ర వేయం, లోన్ దరఖాస్తు నింపం, నేర్పించడం వరకే. ఇలాంటి పని మొదలుపెట్టే ఏ ఫర్మ్ అయినా ఈ పేజీ ముందే రాసుకోవడం మంచిది.

ఇదంతా జరుగుతుండగా ఒక క్లయింట్ కంపెనీ ఫైనాన్స్ మేనేజర్ ఫోన్ చేసి, వాళ్ల సిబ్బంది సేవ చేసిన గంటలకు జీతం లెక్కకట్టి 2 శాతంలో చూపొచ్చా అని అడిగారు. కుదరదు. 2021 ఆగస్టు సర్క్యులర్‌లో ప్రభుత్వం ఈ సంగతి తేటగా చెప్పింది: ఉద్యోగులు పాల్గొనడం మంచిదే, వాళ్ల సేవకు వెల కట్టి ఖర్చుగా చూపకూడదు. అది న్యాయమైన మాటే అనిపించింది నాకు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. బ్యాంకు ఆడిట్లు అయ్యాక మాకూ మే నెలలో కాస్త ఊపిరి ఆడుతుంది. రెండూ కలిసొస్తాయని మే మొదటి మంగళవారం ఉదయం పదింటికి ఐదుగురం వెళ్ళాం. కమ్యూనిటీ హాల్లో ఒక్కరూ లేరు. బోట్లు ఆగినా ఇంజిన్ లేని తెప్పలకు నిషేధం లేదు, ఎండుచేపల బేరమూ ఆగదు. ఆడవాళ్ళంతా గంపలతో బజార్లకు వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి రమ్మని ఒక ముసలమ్మ చెప్పింది. అప్పటి నుంచి మంగళవారం మధ్యాహ్నం మూడింటికే మా క్లాసు.

నేను ల్యాప్‌టాప్‌లో పట్టికలు చేసి తీసుకెళ్ళాను. రెండో వారానికే మూసేశాను. గీతలు కొట్టిన పొడుగు నోటుబుక్కే పనికొచ్చింది, ఇంటికి తీసుకెళ్ళి పిల్లల చేత చదివించుకోవచ్చు గనక.

బాగా పట్టుకున్నది వడ్డీ లెక్క. వాళ్లలో చాలామంది గ్రూపు అప్పుతో పాటు బయట ఫైనాన్స్‌లో కూడా తీసుకున్నారు. రెండు చోట్లా "రూపాయి వడ్డీ"యే, అంటే నెలకు నూటికి రూపాయి అంటారు. 50,000 అప్పు 12 నెలల్లో తీరుస్తున్నామనుకోండి. మొదటి రోజు అసలు మీదే ఏడాదంతా వడ్డీ వేస్తే 6,000. నెలనెలా అసలు సమానంగా కడుతూ, మిగిలిన బాకీ మీదే వడ్డీ వేస్తే 3,250. బోర్డు మీద పన్నెండు వరుసలూ రాసి కూడాక హాలంతా నిశ్శబ్దం. వెనక నుంచి ఒకావిడ లేచి, "అయితే తీర్చేసిన డబ్బుకి కూడా వడ్డీ కట్టేస్తన్నామా ఏటమ్మా?" అంది. చదువుకున్న నేను నా మొదటి బైక్ లోన్‌లో ఆ ప్రశ్న అడగలేదు.

వాళ్లు మాకు నేర్పింది కూడా చెప్పాలి. పుస్తకాల్లో మే, జూన్ వాయిదాలు ప్రతి ఏడాదీ బకాయిగా పడి ఉన్నాయి. మేం వాటిని ఎగవేత కింద చూశాం. గ్రూపు లీడర్ అక్క నవ్వి, "బోటు కదలకపోతే డబ్బులెక్కడివమ్మా?" అంది. వాళ్లు ఎగ్గొట్టలేదు, వేట మొదలయ్యాక కలిపి కట్టారు. ఆ మాట మీదే గ్రూపు అంతర్గత అప్పులను పది వాయిదాలకు మార్చుకుని, నిషేధం రెండు నెలలూ ఖాళీ వదిలారు. బ్యాంకు వాయిదా మారదు గనక దానికోసం చేపలు బాగా పడే నెలల్లో విడిగా కొంత తీసిపెడుతున్నారు. తీర్మానాల పుస్తకంలో ఆ తీర్మానం వాళ్లే రాశారు.

అన్నీ సవ్యంగా లేవు. సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ల గడువు ముంచుకొచ్చి మేం రెండు నెలలు వెళ్ళలేదు. ఆరు గ్రూపుల్లో రెండింటి పుస్తకాలు అప్పుడు ఖాళీగా ఉండిపోయాయి. ఒకామె కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది, ఇంకొకామెకు కళ్ళు కనపడటం లేదు. ఒక్కో గ్రూపులో రాసేవాళ్ళు ఒక్కరే ఉంటే సరిపోదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఇద్దరిద్దరు నేర్చుకుంటున్నారు. మా వైపు నుంచి ఏ నెలా మానకుండా వంతులు వేసుకున్నాం.

ఈ సెప్టెంబరు వంతు నాది. మంగళవారం మూడింటికి పెదజాలారిపేటలో ఉండాలి. క్లయింట్‌కు ఆ రోజు ఫోన్ ఎత్తనని చెప్పేశాను.