ఇంటికెళ్ళాక మనవణ్ణి ఎత్తుకోవచ్చా అమ్మా?

నేను రేడియోథెరపీలో, అంటే క్యాన్సర్‌కి మెషిన్‌తో రేడియేషన్ ఇచ్చే చోట, టెక్నాలజిస్టుని, పన్నెండేళ్ళయింది. మొదటి సిట్టింగ్ అయ్యి బయటికి రాగానే దాదాపు ప్రతి పేషెంటూ ఈ మాట అడుగుతారు. మగవాళ్ళయితే వాళ్ళు అడగరు, భార్యని ముందుకి తోస్తారు. పోయిన వారం పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అడగను కూడా అడగలేదు, "కంచం, గ్లాసు వేరే పెట్టేసుకున్నానమ్మా, పక్క కూడా వసారాలో వేయించుకున్నా, పిల్లోడికి నా వల్ల ఏమన్నా అయితే ఎట్టా" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నవ్వేసి, "పెద్దమ్మా, లైటు ఆపేశాక గోడకి వెలుగు అంటుకుని ఉంటదా? ఇదీ అంతే, మెషిన్ ఆగిపోయాక నీ ఒంట్లో ఏమీ మిగలదు, మనవణ్ణి నెత్తినెక్కించుకుని తిరుగు" అన్నాను. నమ్మిందో లేదో తెలీదు.

కానీ ఆ ప్రశ్నకి "వద్దు, ఎత్తుకోవద్దు" అని చెప్పాల్సిన సందర్భం కూడా ఒకటుంది. రేడియేషన్ తగలడం వేరు, రేడియేషన్ ఇచ్చే పదార్థమే పొడిలా ఒంటికి అంటుకోవడం, లోపలికి పోవడం వేరు. మొదటిది లైటు లాంటిది, రెండోది పసుపు లాంటిది, ముట్టుకున్న చోటల్లా అంటుతుంది. ఈ రెండో రకం ఒక ఊరి మొత్తాన్నీ పట్టుకుంటే గవర్నమెంటు ఏం చెయ్యాలి, డాక్టర్లు ఏం చెయ్యాలి అని మాకు చదువుకునేటప్పుడు చెప్పిన ఉదాహరణ బ్రెజిల్లోని గొయానియా. అప్పుడు పరీక్ష కోసం బట్టీ కొట్టా. తర్వాత పెళ్ళయ్యాక మా ఆయన వాళ్ళ బాబాయిది విజయవాడలో పాత ఇనుప సామాన్ల కొట్టు అని తెలిసి, ఆయన కొట్లో తుక్కు గుట్టల మధ్య నిలబడి చూశాక మళ్ళీ చదివా, అప్పుడు వేరేలా అర్థమయింది.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది, టూకీగా చెప్తా. గొయానియాలో ఒక ప్రైవేటు రేడియోథెరపీ క్లినిక్ 1985 చివర్లో వేరే చోటికి మారిపోతూ సీజియం-137 అనే రేడియేషన్ ఇచ్చే పదార్థం ఉన్న పాత మెషిన్‌ని ఆ ఖాళీ బిల్డింగ్‌లోనే వదిలేసింది. 1987 సెప్టెంబర్ 13, ఆదివారం, ఇద్దరు కుర్రాళ్ళు లోపలికి వెళ్ళి ఏదో రేటు పలికే సామాను అనుకుని దాని తలకాయ ఊడదీసి తోపుడు బండిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ రోజే వాంతులు. ఏదో తిన్నది పడలేదనుకున్నారు. 18న దాన్ని తుక్కు కొట్టుకి అమ్మేశారు, ఆ రాత్రి కొట్టు ఓనరు చూస్తే లోపల నీలంగా వెలుగు. ఎంత అందంగా ఉందో అని ఇరుగుపొరుగుని పిలిచి చూపించాడు, బియ్యపు గింజంత ముక్కలు తెలిసినవాళ్ళకి పంచాడు, కొందరు ఒంటికి రాసుకున్నారు. మొత్తం కలిపి 93 గ్రాములు, మన వంటింట్లో ఉప్పు డబ్బాలో పావు వంతు కూడా ఉండదు. నిజంగానే అది ఒక రకం ఉప్పు, సీజియం క్లోరైడ్, నీళ్ళలో కరిగిపోతుంది, తడి తగిలితే చేతికి పట్టేస్తుంది, కడుపులోకి పోతే ఒళ్ళు దాన్ని పొటాషియం అనుకుని కండల్లోకి లాక్కుంటుంది. ఓనరు సోదరుడి ఆరేళ్ళ కూతురు ఆ పొడి అంటిన చేత్తోనే గుడ్డు తినేసింది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నాకు మాత్రం ఎప్పుడూ గుర్తొచ్చేది ఓనరు భార్య. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు మంచాన పడుతుంటే డాక్టర్లు ఉష్ణమండల జబ్బు ఏదో అని ఆ ఆసుపత్రికి పంపుతున్నారు, ఈవిడ మాత్రం ఆ వెలిగే సామాను వచ్చినప్పటి నుంచే కదా ఇదంతా అని పట్టేసింది. సెప్టెంబర్ 28, సోమవారం, మిగిలిన ముక్కల్ని సంచిలో వేయించి, పనివాణ్ణి వెంటబెట్టుకుని, సిటీ బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టించి, ఇదే మా వాళ్ళని చంపేస్తోంది అని చెప్పింది. డాక్టరు చదువు లేదు, రేడియేషన్ కొలిచే మీటరు లేదు. పదిహేను రోజులు అంతమంది డాక్టర్లకి తట్టనిది ఆవిడకి తట్టింది. ఆ డాక్టరు సంచిని కొంచెంసేపు బల్ల మీదే ఉంచుకుని, తర్వాత ఎందుకో అనుమానం వచ్చి బయట ఆవరణలో ఒక కుర్చీ మీద పెట్టించాడు, అది తెల్లారేదాకా అక్కడే ఉంది. అలా బయట పెట్టించడం వల్ల ఆయనకి తగిలేది తగ్గిందనే చెప్పాలి.

మర్నాడు ఊరికి పని మీద వచ్చిన ఒక మెడికల్ ఫిజిసిస్టుని, అంటే రేడియేషన్ కొలతలు తెలిసినాయన్ని, చూడమన్నారు. ఆయన యురేనియం ఖనిజం వెతకడానికి వాడే మీటరు ఒకటి అప్పు తెచ్చుకుని బయల్దేరాడు, ఆఫీసు ఇంకా దూరంగా ఉండగానే ఆన్ చేస్తే ముల్లు చివరికంటా వెళ్ళి కొట్టుకుంది, ఎటు తిప్పినా అంతే. మీటరు పాడైందనుకుని వెనక్కెళ్ళి ఇంకోటి తెచ్చాడు! నేనయినా అదే చేస్తాను, మా దగ్గర సర్వే మీటరు ఎక్కువ చూపిస్తే మొదట బ్యాటరీ తీసి మళ్ళీ పెడతాం. రెండో మీటరూ అలాగే చూపించింది. ఆయన అక్కడికి చేరేసరికి ఫైరింజన్ వాళ్ళు వచ్చి ఆ సంచిని తీసుకెళ్ళి నదిలో పడేద్దామని చూస్తున్నారు. ఆయన ఆపాడు. ఆ ఒక్క నిమిషం అటూఇటూ అయ్యుంటే అది నదిలో కలిసి ఇంకా దూరం పాకేది.

అక్కడి నుంచి గవర్నమెంటు కదిలింది. బ్రెజిల్ అణుశక్తి కమిషన్ వాళ్ళు దిగారు, వీధులు ఖాళీ చేయించారు, జనాన్ని ఒలింపిక్ స్టేడియానికి రమ్మన్నారు. స్టేడియం ఎందుకంటే పెద్ద గ్రౌండు, గేట్లుంటాయి, క్యూ పెట్టొచ్చు. చెర్నోబిల్ జరిగి ఏడాదిన్నర కూడా కాలేదు, టీవీలో అదే చూసి చూసి ఉన్నారు, ఊరు ఊరంతా వచ్చి పడింది. డిసెంబర్ దాకా మొత్తం 1,12,000 మందికి పైగా జనాన్ని మీటర్లతో చూశారు. వాళ్ళలో నిజంగా అంటుకున్నవాళ్ళు 249 మంది, అందులోనూ 120 మందికి బట్టలకీ చెప్పులకీ మాత్రమే. అంటే నిజంగా అంటుకున్న ఒక్కొక్కరికి, ఊరికే భయంతో వచ్చినవాళ్ళు నాలుగొందల మందికి పైగా. తమాషా ఏంటంటే మొదటి అరవై వేల మందిలో దాదాపు 5 వేల మందికి నిజంగానే మెడ చుట్టూ దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, అచ్చం పుస్తకంలో రాసినట్టే. మీటరు పెడితే ఒక్కరికీ ఏమీ లేదు. భయానికే ఒళ్ళు అలా అయిపోయింది. నాటకాలు అని కొట్టిపారేసే జబ్బు కాదది, అలాగని బెడ్డు ఇచ్చేదీ కాదు. అందుకే ఇలాంటప్పుడు జనాన్ని ఆసుపత్రి గేటు దగ్గరికి రానివ్వకుండా వేరే చోట వడపోయడం సగం వైద్యం అంటాన్నేను. కరోనా టెస్టుల రోజులు గుర్తు తెచ్చుకోండి, ఆసుపత్రి ముందు ఆ లైన్లు.

అసలు చికిత్సకి వస్తే, పెద్ద మందులూ మాకులూ లేవు. బట్టలు విప్పించెయ్యడంతోనే పైన అంటుకున్నదాంట్లో చాలా భాగం పోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, వెనిగర్, మళ్ళీ మీటరు, మళ్ళీ స్నానం. లోపలికి పోయినవాళ్ళకి ప్రష్యన్ బ్లూ. పేరు చూసి కంగారు పడకండి, పెయింట్లలో వేసే నీలిరంగే అది, మందుగా తయారుచేసి బిళ్ళలుగా ఇస్తారు, పేగుల్లో సీజియాన్ని పట్టుకుని విరేచనంలో బయటికి తెచ్చేస్తుంది. 46 మందికి ఇచ్చారు, పెద్దవాళ్ళకి కొందరికి రోజుకి 10 గ్రాముల దాకా. మలం నీలంగా వస్తుంది, మలబద్ధకం చేస్తుంది. మూత్రం, మలం అన్నీ డబ్బాల్లో పట్టి కొలిచారు, ఎంత పోయింది ఎంత మిగిలింది అని, ఇదంతా చేసింది నర్సులూ ల్యాబ్ వాళ్ళే కదా, వాళ్ళ గురించి ఎక్కడా నాలుగు లైన్లు ఉండవు. బాగా దెబ్బతిన్న 14 మందిని రియో డి జనీరోలోని నేవీ ఆసుపత్రికి విమానంలో తరలించారు. అక్కడ యుద్ధం సీజియంతో కాదు, రక్తంలో వైట్ సెల్స్, ప్లేట్‌లెట్స్ పడిపోవడంతో, ఇన్ఫెక్షన్లు, బ్లీడింగు. నలుగురు పోయారు, అక్టోబర్ నెలలోనే. ఆ పాప, సంచి తెచ్చిన ఓనరు భార్య ఇద్దరూ అదే రోజు, 23న. తర్వాత కొట్టులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు. మొదట మెషిన్ ఊడదీసిన ఇద్దరిలో ఒకతనికి ముంజేయి తీసేయాల్సి వచ్చింది.

మరి కొట్టు ఓనరు? ఆయన బతికాడు! పోయినవాళ్ళ కన్నా ఆయనకే ఎక్కువ డోసు అని లెక్క తేలింది. ఎలాగంటే ఆయన పగలంతా బయట తిరిగేవాడు, ఇంటికి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తగిలింది, మధ్యలో ఒంటికి తేరుకునే టైము దొరికింది. భార్య ఇంట్లోనే ఉంది. మేం రోజూ చేసేది అదే కదా, మొత్తం డోసు ఒకేసారి ఇస్తే పక్కనున్న మంచి కణాలు తట్టుకోలేవు కాబట్టి పాతిక సిట్టింగులుగా కోసి ఇస్తాం, పేషెంట్లు "ఒకేసారి ఇచ్చెయ్యండమ్మా, బస్సు ఛార్జీలు తట్టుకోలేకపోతున్నాం" అంటే నాకు ఈయనే గుర్తొస్తాడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. బయటి నుంచి స్పెషలిస్టులు వచ్చేసరికి ఆ ఆరేళ్ళ పాప ఆసుపత్రిలో ఒక విడి గదిలో ఒంటరిగా ఉంది, స్టాఫ్ దగ్గరికి పోవడానికి భయపడ్డారట. తప్పు పట్టాలని మొదట నాకూ కోపం వచ్చింది. కానీ మా దగ్గర ఒకసారి రేడియేషన్ పొడి అంటిన పేషెంటు వచ్చినట్టు మాక్ డ్రిల్ పెట్టారు. పేషెంటుగా పడుకున్నది మా వార్డు బాయ్, అందరికీ తెలుసు, వాడి షర్టు మీద చల్లింది టాల్కం పౌడరు, అదీ తెలుసు. అయినా స్ట్రెచర్ లోపలికి రాగానే ఇద్దరు సిస్టర్లు తెలీకుండానే గోడకి ఆనుకున్నారు, ఒక జూనియర్ డాక్టరు "ముందు వాష్ చేసి తీసుకురండి" అన్నాడు. కాగితం మీద వాడికి తొడ ఎముక విరిగి రక్తం కారుతోంది! రూలు చాలా స్పష్టంగా ఉంటుంది, ముందు ప్రాణం, తర్వాతే కడగడం, గౌను గ్లౌజులు మాస్కు వేసుకుని ముట్టుకుంటే స్టాఫ్‌కి తగిలేది కొంచెమే. ఆ రూలు నాకూ నోటికొచ్చు, అయినా ఆ రోజు నా కాళ్ళు కూడా ఒక క్షణం కదల్లేదు. వార్డు బాయ్ లేచి కూర్చుని "అమ్మా, చచ్చిపోయానా ఉన్నానా చెప్పండి, టీకి పోవాలి" అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆ రోజు రాత్రి ఆ గదిలో పాపే గుర్తొచ్చింది.

ఆ పాపని పూడ్చడానికి సీసం రేకు వేసిన పెట్టెలో తెస్తే శ్మశానం దగ్గర రెండువేల మంది అడ్డం పడ్డారు, రాళ్ళు విసిరారు. గొయానియా నంబర్ ప్లేట్ ఉన్న కార్ల మీద వేరే ఊళ్ళలో రాళ్ళు, హోటళ్ళలో రూములివ్వలేదు, అక్కడి పంట ఎవరూ కొనలేదు. చివరికి అణుశక్తి కమిషన్ 8 వేల మందికి వీళ్ళకి ఏమీ అంటలేదు అని సర్టిఫికెట్లు రాసివ్వాల్సి వచ్చింది. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, రాష్ట్ర ప్రభుత్వం 1988లోనే ఆ పాప పేరు మీద ఒక సంస్థ పెట్టి బాధితుల్ని ఏళ్ళ తరబడి చూసుకునే ఏర్పాటు చేసింది.

మనకేం అనుకోకండి, 2010 ఏప్రిల్లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజార్లో ఇదే జరిగింది. యూనివర్సిటీలో 1985 నుంచి వాడకుండా మూలపడున్న గామా మెషిన్ వేలంలో అమ్మేశారు, లోపల రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్-60తో సహా. కొట్టు వాళ్ళు విప్పేశారు, ఒకాయన ముక్కని పర్సులో పెట్టుకు తిరిగాడు, పనివాడొకడు ఎయిమ్స్‌లో చనిపోయాడు. అదృష్టం, అది లోహం, పొడి కాదు, ఏరి తీసుకెళ్ళగలిగారు. అక్కడ ఇది ఎవరికి తట్టింది? చర్మం నల్లబడి జుట్టు ఊడుతున్న కొట్టు ఓనర్ని చూసిన డాక్టర్లకి.

అందుకే పోయిన సంక్రాంతికి బాబాయిగారి కొట్టుకెళ్ళినప్పుడు రేడియేషన్ ఉందని హెచ్చరించే మూడు రెక్కల గుర్తు కలర్ ప్రింట్ తీసి పట్టుకెళ్ళా. "బాబాయిగారూ, ఈ బొమ్మ ఉన్నది ఏది వచ్చినా తూకం వెయ్యకండి, విప్పకండి, అందర్నీ దూరం పంపి నాకు ఫోన్ చెయ్యండి, ఊరికే బరువుగా ఉండే డబ్బా వస్తే అనుమానించండి, లోపల సీసం ఉంటది" అన్నా. "సీసమైతే మంచి రేటే అమ్మాయ్" అన్నాడు. అయినా వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన అంటించాడు.

మొన్న మధ్యాహ్నం ఫోన్. "అమ్మాయ్, నీ బొమ్మ వచ్చింది. కుర్రాళ్ళందర్నీ రోడ్డు అవతల టీ బంకు దగ్గర కూర్చోబెట్టా, షట్టర్ దించేశా." నా గుండె ఆగినంత పనయింది, ఎంత దూరం నుంచి చూశారు, ఎవరన్నా ముట్టుకున్నారా, వాంతులేమన్నా అయ్యాయా అని గబగబా అడిగి, దగ్గరికి పోకుండా ఫోన్లో జూమ్ చేసి ఫోటో తీసి పంపమన్నా. రెండు నిమిషాలకి వాట్సాప్‌లో వచ్చింది. తుప్పు పట్టిన టేబుల్ ఫ్యాను, జాలీ ఊడిపోయి, మూడు రెక్కలూ చక్కగా కనబడుతున్నాయి.