రీమ్యాప్ చేసిన కారు, కారిన వాటర్ పంపు: వారంటీతో నా అనుభవం

నాది టర్బో పెట్రోల్ సెడాన్, ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కంపెనీ పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే అర్థమవుతుంది. కొన్న రెండో ఏడాది హైదరాబాద్‌లో ఒక ట్యూనింగ్ గ్యారేజీలో స్టేజ్ వన్ రీమ్యాప్ చేయించాను, అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించడం. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మార్చలేదు, ఎగ్జాస్ట్ ముట్టుకోలేదు. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారింది. వారంటీకి ఇబ్బంది వస్తుందని తెలిసే చేయించాను. ఆ ట్యూనర్ కూడా డబ్బులు తీసుకునే ముందే "ఇంజిన్, గేర్‌బాక్స్ మీద ఆశ వదిలేసుకోండి సార్" అన్నాడు. నిజాయితీ గల మనిషి.

కానీ ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి వేరు, మొత్తం కారు వారంటీ సంగతి వేరు. ఈ తేడా మీదే నాకూ సర్వీస్ సెంటర్‌కూ దాదాపు నెల రోజులు నడిచింది.

మే నెల ఎండలో హైదరాబాద్ నుంచి వస్తున్నాను. జనగామ దాటాక కూలెంట్ లైటు వెలిగింది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఆపి, ఇంజిన్ చల్లారేదాకా చాయ్ తాగుతూ కూర్చున్నాను. (వేడి మీద ఆ మూత మాత్రం తిప్పకండి, మొహం కాలిపోతుంది.) లెవెల్ కింది గీత కంటే తక్కువగా ఉంది. బాటిల్ నీళ్లు పోసి, కాజీపేట మీదుగా మెల్లగా హనుమకొండ చేరాను.

మర్నాడు సర్వీస్ సెంటర్‌లో కారు లిఫ్ట్ ఎక్కించి ఫోర్‌మన్ టార్చి వేసి చూపించాడు. వాటర్ పంపు హౌసింగ్ అతుకు వెంట గులాబీ రంగు పొర, ఉప్పు పేరుకున్నట్టు గట్టిపడి ఉంది. గోటితో గీకితే రాలింది. అంటే నిన్న మొన్నటి లీకు కాదు. ప్రెషర్ టెస్టర్ బిగించి నాలుగు సార్లు కొట్టగానే అక్కడి నుంచే చుక్క దిగింది. "ఇది వారంటీలనే పోతది సార్, ఈ పంపు మస్తు మందికి వచ్చింది" అన్నాడు.

సాయంత్రం అడ్వైజర్ ఫోన్ చేశాడు. "సర్, స్కాన్‌లో మీ ఈసీయూ సాఫ్ట్‌వేర్ మ్యాచ్ కావట్లేదు. కారు వారంటీ వాయిడ్ అయింది. పంపు, లేబర్ అన్నీ మీరే కట్టుకోవాలి."

ఎలా పట్టుకుంటారని చాలామంది అడుగుతారు. ఈసీయూలో ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక క్యాలిబ్రేషన్ నంబరు ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను లెక్కగట్టి వచ్చే వెరిఫికేషన్ నంబరు మరొకటి. లోపల ఒక్క అంకె మార్చినా ఈ రెండోది మారిపోతుంది. సర్వీస్ సెంటర్ స్కానర్ కంపెనీ సర్వర్‌తో పోల్చి చూసినప్పుడు తేడా బయటపడుతుంది. సర్వీస్‌కు ముందు పాత మ్యాప్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) ఎక్కించుకుని వెళితే సరిపోతుంది అనే సలహా తరచూ వినిపిస్తుంది. కానీ చాలా కార్లలో ఈసీయూను ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో (సాఫ్ట్‌వేర్ ఎక్కించారో) లెక్క లోపలే ఉండిపోతుంది. రెండు సార్లు కంపెనీ ఫ్లాష్ చేసిన కారులో మూడోది, నాలుగోది కనబడితే వాళ్లకు వేరే చెప్పాలా?

నేను ఫోన్‌లో వాదించలేదు. ఏ పార్టు, ఏ కారణంతో, వారంటీ బుక్‌లో ఏ క్లాజు కింద తిరస్కరిస్తున్నారో రాసి ఇమ్మన్నాను. ఇక్కడే వాళ్లు వెనక్కి తగ్గడం మొదలుపెట్టారు. నోటితో "మొత్తం పోయింది" అన్న మనిషి కాగితం మీద ఆ మాట రాయడానికి మూడు రోజులు తిప్పాడు. చివరికి జాబ్ కార్డు మీద "నాన్ జెన్యూన్ మాడిఫికేషన్" అని రెండు మాటలు గీకి ఇచ్చాడు. క్లాజు నంబరు లేదు.

నా వారంటీ బుక్ తీసి చదివాను. మార్పులు చేసిన కారుకు వారంటీయే లేదని అందులో లేదు, ఆ మార్పుల వల్ల కలిగిన నష్టానికి వర్తించదని ఉంది. ఇక తేల్చాల్సిందల్లా రీమ్యాప్ వల్ల పంపు కారిందా అన్నదే.

మా బావ హనుమకొండ కోర్టులో వకీలు. విషయం చెప్పగానే మొదట అన్న మాట: "రీమ్యాప్ చేయించలేదని మాత్రం ఎక్కడా అనకు. ఒక్క అబద్ధం దొరికినా మొత్తం కేసు పోతది." యూట్యూబులో అమెరికా వాళ్లు చెప్పే మాగ్నసన్-మాస్ చట్టం గురించి అడిగితే నవ్వాడు. ఫలానా బ్రాండ్ పార్టు వాడితేనే వారంటీ అనే షరతును అడ్డుకునే ఆ 1975 చట్టం అమెరికాది, ఇక్కడ దాని పేరు ఎత్తితే ఎదుటివాళ్లకే సంతోషం.

మన దగ్గర పనికొచ్చేది 2014 ఆగస్టు నాటి కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) ఆర్డర్. 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది అందులోనే. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని, బయట చేసిన తప్పుడు పని వల్ల ఎంత పాడైందో అంతవరకే రద్దు చేయవచ్చని ఆ ఆర్డర్ చెప్పింది. తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది. పైగా అది రిపేర్ల గురించి చెప్పింది, ట్యూనింగ్ గురించి కాదు. అందుకని దాన్ని మెయిల్ చివర్లో ఒక వాక్యంగా పెట్టి వదిలేశాను.

మా బావ భయం ఇంకొకటి. కేసు దాకా వెళితే కంపెనీ వకీలు బండిలో చేసే మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తీస్తాడు. అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నా వాదన పంపు దాటి పోకూడదని అందుకే నిర్ణయించుకున్నాం.

కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు కూడా మెయిల్‌లో రాశాను. జిల్లా వినియోగదారుల కమిషన్ గురించి ముందే లెక్క చూసుకున్నాం. కొన్న ధర 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలే, రెండేళ్ల లోపు ఎప్పుడైనా వేయొచ్చు. అంత దూరం పోవాల్సిన పని పడలేదు.

హైదరాబాద్ నుంచి టెక్నికల్ మేనేజర్ వచ్చాడు. మర్యాదస్థుడే. రీమ్యాప్ వల్ల ఇంజిన్ వేడెక్కి ప్లాస్టిక్ హౌసింగ్ వంగిందన్నది ఆయన వాదన. అందులో తప్పు పట్టడానికి లేదు, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగితే వేడీ పెరుగుతుంది. అయితే వాళ్లే ఇచ్చిన స్కాన్ రిపోర్టులో ఓవర్‌హీట్ ఫాల్ట్ ఒక్కటీ లేదు. అది చూపించాను. తర్వాత కొత్త పంపు డబ్బా తెప్పించమన్నాను. పాతదాని మీదున్న పార్టు నంబరు, డబ్బా మీది నంబరు ఒకటే, చివరి అక్షరం మాత్రం మారింది. అంటే పార్టును కంపెనీయే ఒకసారి సవరించింది. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఫోర్‌మన్ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

పంపు, కూలెంట్, లేబర్ అన్నీ వారంటీ కిందే ఇచ్చారు. కారు అప్పగించే రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఇంజిన్, టర్బో, గేర్‌బాక్స్ లోపలి భాగాలకు ఇకపై వారంటీ ఉండదని మొదటి పేరా. దానికి ఒప్పుకున్నాను, అది న్యాయమే. ఈ డీసీటీ క్లచ్‌లు ఎంత టార్క్ తట్టుకోవాలో కంపెనీ ఒక లెక్కతో చేస్తుంది, ఆ లెక్క దాటించింది నేను. రెండో పేరాలో "భవిష్యత్తులో ఏ విధమైన వారంటీ క్లెయిమ్ చేయను" అని ఉంది. ఆ వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, ఫొటో తీసుకున్నాకే ఇచ్చాను. అడ్వైజర్ మొహం చిట్లించాడు కానీ తీసుకున్నాడు.

ఏసీ, స్టీరింగ్, ఎలక్ట్రికల్స్ ఇప్పటికీ వారంటీలోనే ఉన్నాయి. మీలో ఎవరైనా హెడ్‌లైట్లకో మ్యూజిక్ సిస్టమ్‌కో వైరు కోసి అతికించి ఉంటే మాత్రం ఎలక్ట్రికల్స్ దగ్గర ఇదే పేచీ వస్తుంది, వైరు కోయకుండా కప్లర్‌తో (గుచ్చి తగిలించే కనెక్టర్) పెట్టించుకోండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అడిగితే ఈ కారుకు ఇవ్వమన్నారు. ఆ డబ్బు పోస్టాఫీసు ఆర్డీలో వేస్తున్నాను, గేర్‌బాక్స్ పేరు మీద. ఇన్సూరెన్స్ రెన్యువల్ దసరా తర్వాత ఉంది. రీమ్యాప్ సంగతి ఈసారి రాసే ఇవ్వాలని, లేకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర మళ్లీ ఇదే పంచాయితీ అని మా బావ పట్టుబడుతున్నాడు. ప్రీమియం ఎంత పెంచుతారో చూడాలి.